హైదరాబాద్ యాడ్ ఏజెన్సీల పెద్దలకు: వచ్చే వేసవి నుంచి ఇంటర్న్‌లకు స్టైపెండ్ ఇవ్వండి

హైదరాబాద్‌లోని ప్రకటనల ఏజెన్సీల యజమానులకు, క్రియేటివ్ డైరెక్టర్లకు, హెచ్‌ఆర్ విభాగాల వారికి నమస్కారం.

నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా కేంద్రంలో డిగ్రీ చదువుతున్నాను. మొన్నటి వేసవి సెలవుల్లో హైదరాబాద్‌లోని ఒక యాడ్ ఏజెన్సీలో, ప్రకటనల్లోని మాటలు రాసే కాపీ విభాగంలో ఇంటర్న్‌గా పనిచేశాను. ఆ ఏజెన్సీ పేరు ఇక్కడ చెప్పను. నేను చెప్పబోయేది ఆ ఒక్క ఆఫీసుకు సంబంధించిన విషయం కాదు. అదే వేసవిలో వేరే ఏజెన్సీల్లో చేరిన నా స్నేహితులు చెప్పినదీ దాదాపు ఇదే. మిమ్మల్ని అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఇంటర్న్‌గా తీసుకున్న ప్రతి విద్యార్థికీ నెలనెలా స్టైపెండ్ ఇవ్వండి. ఈ నగరంలో హాస్టల్ మంచం, రెండు పూటల తిండి, ఆఫీసుకు వచ్చిపోయే చార్జీలు గడిచేంత ఇవ్వండి.

మేం మీ దగ్గరికి ఎందుకు వస్తున్నామో చెప్పాలి. మా రాష్ట్రంలో 2020-21 నుంచి మూడేళ్ల డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు సొంత ఊళ్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు ఏదైనా సంస్థలో, చివరి ఏడాదిలో ఒక సెమిస్టరంతా. నాకు ఈ ఆలోచన నచ్చింది. పుస్తకంలో చదివింది బయట ఎలా ఉంటుందో చూడాలని ఎవరికి ఉండదు? కానీ కామర్స్ చదివేవాళ్లకు ఊళ్లోనే ఆడిటర్ ఆఫీసు దొరుకుతుంది. కంప్యూటర్స్ వాళ్లు ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి చేసుకుంటారు. ప్రకటనలు రాయడం నేర్చుకోవాలనుకునే వాళ్లకు మా ఊళ్లో ఉన్నది ఫ్లెక్సీలు కొట్టే షాపు, లోకల్ కేబుల్‌లో స్క్రోలింగ్ వేసే ఆఫీసు, దినపత్రికకు ప్రకటనలు సేకరించే ఏజెంటు. బ్రీఫ్ అంటే ఏమిటో, మీడియా ప్లాన్ ఎలా వేస్తారో, ఒక బ్రాండ్ గురించి ఏడాది పొడవునా ఎలా ఆలోచిస్తారో చూడాలంటే హైదరాబాద్ రావాల్సిందే. రెండో ఏడాది తర్వాత వచ్చే ఆ వేసవే ఈ రంగంలోకి మాకున్న మొదటి దారి. చాలామందికి అదొక్కటే దారి.

వచ్చాక ఏం చేశామో కూడా చెబుతాను. ఎందుకంటే స్టైపెండ్ మాట ఎత్తగానే "ఇంటర్న్‌లు పని చేయరు, నేర్చుకుంటారు" అనే జవాబు వస్తుంది.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా మీ ఆఫీసుల్లో ఎంత ఒత్తిడి ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. ఇంటర్ ఫలితాలు, జేఈఈ మెయిన్, ఎప్‌సెట్, నీట్ వరసగా వస్తాయి. కాలేజీ క్లయింటు ఉన్న, అంటే కాలేజీల ర్యాంకుల ప్రకటనలు చేసే ఏజెన్సీలో ఫలితాల రోజు రాత్రి పేజీ ప్రింటుకు వెళ్లే టైం దాకా ఎవరూ కుర్చీ వదలరు. వందల ఫొటోలు, పేర్లు, ర్యాంకులు, హాల్ టికెట్ నంబర్లు ఒక ఎక్సెల్ షీటులో వస్తాయి. ఒక ఫొటో కింద ఇంకొకరి పేరు పడితే మర్నాడు పొద్దున్నే ఒక ఇంట్లో ఏడుపు. ఆ పేర్లు, నంబర్లు ఒక్కొక్కటీ సరిచూసేది ఇంటర్న్‌లు. ఇంతలో అక్షయ తృతీయకు బంగారం షాపులు, ఎండలకు ఏసీలు, కూలర్లు, నగరం చుట్టూ వెంచర్లు, ఖరీఫ్ ముందు విత్తనాలు, పురుగుమందులు, ఆ వెనకే ఆషాఢం డిస్కౌంట్లు. ఏజెన్సీకి చేతులు చాలని కాలంలోనే మాకు సెలవులు. ఆ పని మాకు అందింది కాబట్టి నేర్చుకున్నాం, నిజమే. మేం చేశాం కాబట్టి మీకు గడిచింది, అదీ నిజమే.

తెలుగు అడాప్టేషన్, అంటే వేరే భాషలో తీసిన ప్రకటనను తెలుగులోకి మార్చే పని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ముంబై నుంచి మాస్టర్ ఫిల్మ్ సాయంత్రం దిగుతుంది. హిందీలో 30 సెకన్లు, దానికి 20 సెకన్లది, 10 సెకన్లది వేరే. తెలుగు డైలాగు నటి పెదవుల కదలికకు కుదరాలి, టైం దాటకూడదు, చెప్పాల్సిన లాభం తప్పిపోకూడదు, వినేవాళ్లకు మన ఇంటి మనిషి మాట్లాడినట్టు ఉండాలి. ఒక్కో లైనుకు ఐదారు ఆప్షన్లు రాయమంటారు. మేం రాస్తాం. సీనియర్ రెండు ఎంచుతారు, క్లయింట్లతో మాట్లాడే సర్వీసింగ్ వాళ్లు వాటిని పంపుతారు, మర్నాడు డబ్బింగ్. అలా ఇంటర్న్‌లు రాసిన లైన్లు టీవీలో వచ్చాయి, ఎఫ్‌ఎంలో వచ్చాయి. ఆ పనికి క్లయింటుకు పంపిన ఎస్టిమేట్‌ను నేను చూశాను. అందులో లాంగ్వేజ్ అడాప్టేషన్ అని ఒక వరుస, దాని ఎదురుగా ఒక మొత్తం. క్లయింటు దానికి డబ్బు కట్టాడు. ఆ మొత్తంలోంచి, ఆ లైను రాసిన ఇంటర్న్‌కు తిరుగు ప్రయాణం టికెట్ డబ్బులు కూడా అందలేదు.

ప్రూఫుల సంగతీ అంతే. స్టూడియోలో ప్రకటనల లేఅవుట్లు, అంటే పేజీ డిజైన్లు, ఇప్పటికీ అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లలోనే చేస్తున్నారు. మేం ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా వాడే యూనికోడ్‌లో కొట్టిన కాపీని అందులోకి మార్చగానే ఒత్తులు ఎగిరిపోతాయి, ఒక్కోసారి అక్షరమే మారిపోతుంది. డిజైనర్‌కు తెలుగు చదవడం రాకపోతే అది అలాగే హోర్డింగ్ మీదికి వెళ్లిపోతుంది. కాబట్టి ఫైలు ప్రింటుకు వెళ్లే ముందు తెలుగు బాగా చదవగలిగిన మనిషి ఒకరు దాని ముందు కూర్చోవాలి. రాత్రి పదకొండు దాటాక ఆ మనిషి చాలాసార్లు ఇంటర్నే.

నేర్చుకున్నది లేదని నేను అనడం లేదు. మా సీనియర్ కాపీరైటర్ ఒకరు ఎంత పనిలో ఉన్నా మా కాపీని పక్కన పెట్టుకుని లైను లైనుకూ కారణం చెప్పేవారు. ఇళ్లు, స్థలాల ప్రాజెక్టుల మీద వచ్చిన 2016 రెరా చట్టం ప్రకారం రిజిస్టర్ కాని ప్రాజెక్టుకు అసలు ప్రకటనే ఇవ్వకూడదనీ, ఇచ్చే ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలనీ నాకు చెప్పింది ఆవిడే. నంబర్ వన్ అని రాసే ముందు దానికి ఆధారం అడగాలనీ, 1985 నుంచి ప్రకటనల ప్రమాణాలు చూడటానికి ఈ రంగం వాళ్లే పెట్టుకున్న ఆస్కీ అనే సంస్థ ఉందనీ, 2022లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చిందనీ, 2024 నవంబర్‌లో కోచింగ్ సంస్థల ప్రకటనలకు ప్రత్యేకంగా ఇంకొన్ని వచ్చాయనీ ఆవిడ దగ్గరే తెలుసుకున్నాను. ర్యాంకు వచ్చిన విద్యార్థి ఫొటో వాడాలంటే ఫలితం వచ్చాక అతని రాతపూర్వక అనుమతి తీసుకోవాలన్నది ఆ మార్గదర్శకాల్లో ఉంది. నాకు కాలేజీలో ఇవి ఎవరూ చెప్పలేదు. ఆవిడకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. అలా నేర్పేవాళ్లు మీ ఏజెన్సీల్లో ఉన్నారు కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేర్చుకునే ఆ అవకాశం డబ్బున్న వాళ్ల పిల్లలకే ఎందుకు మిగలాలి?

మాతోపాటు పల్నాడు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉండేవాడు. వాళ్ల నాన్న మిర్చి వేసే కౌలు రైతు. ఒకరోజు ఒక పురుగుమందు కరపత్రం లేఅవుట్ గోడ మీద అంటించారు. మందు తామర పురుగుకు. ఫొటోలో ఉన్నది కిందికి ముడుచుకున్న మిరప ఆకు. ఆ అబ్బాయి చూసీ చూడగానే "ఇది నల్లి పట్టిన ఆకు, తామర పురుగైతే ఆకు పైకి ముడుచుకుంటుంది" అన్నాడు. మిర్చి రైతు ఎవరైనా ఈ రెండింటికీ తేడా ఆకును చూసి చెబుతాడు, ఏ మందు కొట్టాలో దాన్ని బట్టే తేల్చుకుంటాడు. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు, ఖమ్మం మిర్చి తోటల్ని ఎలా ఊడ్చిపెట్టిందో చూసిన రైతుల చేతికి ఆ కరపత్రం తప్పు ఆకుతో వెళ్లి ఉంటే ఏమయ్యేది? మందు మీద నమ్మకం పోయేది. అంతకంటే ముఖ్యం, ఎవరో ఒకరు ఆ బొమ్మ చూసి తప్పు మందు కొట్టి ఉండేవారు. క్లయింటు దగ్గరినుంచి వచ్చిన ఫొటోనే అది. ఏజెన్సీలో అంతమంది ఉండి ఎవరూ పట్టలేదు. పట్టే అవకాశం కూడా లేదు, ఎందుకంటే ఆ గదిలో తోటలోకి దిగి పనిచేసిన మనిషి ఇంకొకరు లేరు. ఫొటో మార్చారు. అందరూ అతన్ని మెచ్చుకున్నారు.

అతను ఇంటర్న్‌షిప్ పూర్తి చేయలేదు. రెండో నెల హాస్టల్ డబ్బులు కట్టలేక ఊరికి వెళ్లిపోయాడు. అమీర్‌పేటలో, ఎస్‌ఆర్ నగర్‌లో నలుగురుండే గదిలో ఒక మంచానికి భోజనంతో కలిపి నెలకు ఆరేడు వేలు. పైగా అడ్వాన్సు. బంజారాహిల్స్‌కో మాదాపూర్‌కో రోజూ మెట్రో, షేర్ ఆటో. రాత్రి ఆలస్యమైతే బయట తిండి. అంతా కలిపి పది, పన్నెండు వేలు లేకుండా నెల గడవదు. వేసవి కాబట్టి ఊళ్లో ఉంటే కూలికైనా వెళ్లేవాడు. అంటే చేతికి వచ్చేది పోయింది, చేతిలోది ఖర్చయింది. వాళ్ల నాన్న ఎవరి దగ్గరో వడ్డీకి తెచ్చి మొదటి నెల పంపాడు. రెండోసారి అడగడానికి ఆ అబ్బాయికి మనసొప్పలేదు.

నేను పూర్తి చేయగలిగానంటే మూసాపేటలో మా మేనత్త వాళ్లిల్లు ఉంది కాబట్టి. నా కాపీ అతని కాపీ కంటే బాగుండి కాదు. అతను రాసిన రేడియో స్పాట్లు నేను ఇప్పటికీ రాయలేను. అతని మాటల్లో పల్లె సంత వినిపించేది, బేరం వినిపించేది. నగరంలో బంధువుల ఇల్లుందా లేదా అన్న ఒక్క విషయం మా ఇద్దరిలో ఎవరు ఈ రంగంలో మిగలాలో తేల్చేసింది. ఇదే నాకు మింగుడుపడటం లేదు.

ఇందులో మీ నష్టం కూడా ఉంది. మీ క్లయింట్లలో ఎక్కువమంది సరుకు ఎక్కడ అమ్ముడుపోతుందో చూడండి. విత్తనాలు, ఎరువులు, సిమెంటు, టూ వీలర్లు, చీటీల కంపెనీలు, వంటనూనెలు, పసుపు, కారం. కొనేవాళ్లు నంద్యాలలో, సిద్దిపేటలో, పార్వతీపురంలో, ఆదిలాబాద్‌లో ఉన్నారు. వాళ్ల కోసం రాసేవాళ్లలో ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది? కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చదివాను. 1908లో ఆంధ్రపత్రిక పెట్టగలిగింది ఆ వ్యాపారం నిలబడటం వల్లే. కృష్ణా జిల్లా పల్లె నుంచి వెళ్లిన మనిషి ఆయన. ప్రచారం చేయడానికి కావాల్సిన తెలివి తెలుగు పల్లెల్లో ఎప్పుడూ ఉంది. దాన్ని రెండు నెలల హాస్టల్ ఫీజు దగ్గర ఆపేస్తున్నాం.

ఇప్పుడు మీ వైపు మాటలు. అవి విన్నాను, కొన్నిటిలో న్యాయం ఉంది. ఇంటర్న్‌కు నేర్పడానికి సీనియర్ల టైం పోతుంది అంటారు. పోతుంది. మొదటి రెండు వారాలు మేం సాయం కంటే భారమే. ఆ తర్వాత నుంచి మా పేరు జాబ్ షీట్లలో ఉంటుంది, క్లయింటుకు వెళ్లే ఫైళ్లలో మా కాపీ ఉంటుంది. క్లయింటుకు బిల్లు వేసిన పని శిక్షణ లెక్కలోకి రాదని నా గట్టి అభిప్రాయం. రెండోది, చిన్న ఏజెన్సీల కష్టం. క్లయింట్లు నెలల తరబడి పేమెంట్ ఆపుతారు, పత్రికలకు మాత్రం గడువులోపు కట్టాలి, మధ్యలో ఏజెన్సీ నలిగిపోతుంది. సర్వీసింగ్ వాళ్లు రోజూ ఫోన్లలో బతిమాలుకోవడం నేను కళ్లారా చూశాను. అలాంటి చోట ఆరుగురిని ఊరికే తీసుకునే బదులు ఇద్దరినే తీసుకోండి, ఆ ఇద్దరికీ ఇవ్వండి. ముగ్గురిని తీసుకున్నా, నెలకు పదేసి వేల చొప్పున రెండు నెలలకు అయ్యేది 60 వేలు. ప్రధాన దినపత్రికలో ఒక్క మొదటి పేజీ ప్రకటనకు లక్షలు బుక్ చేసే వ్యాపారంలో ఇది మోయలేని మొత్తం అని నాకు అనిపించదు.

పదివేలన్న అంకె నేను గాల్లోంచి తీసుకోలేదు. అప్రెంటిస్‌షిప్ నిబంధనలను 2019లో సవరించినప్పుడు కనీస స్టైపెండ్‌ను చదువును బట్టి నెలకు 5 వేల నుంచి 9 వేల దాకా పెట్టారు. డిగ్రీ చదివినవాళ్లకు 9 వేలు. కేంద్రం 2024లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం తెచ్చినప్పుడు నెలకు 5 వేలు పెట్టారు. మా కాలేజీ ఇంటర్న్‌షిప్ వీటి కిందికి రాదని మీ హెచ్‌ఆర్ వాళ్లు చెప్పవచ్చు, అది సరైన మాటే. చట్టం బలవంతం చేయని చోట మీరంతట మీరు చేయమనే ఈ ఉత్తరం. ఫ్రాన్స్‌లో రెండు నెలలు దాటిన ఇంటర్న్‌షిప్‌కు భత్యం ఇచ్చి తీరాలి. అమెరికాలోనైతే ప్రకటనల ఏజెన్సీల సంఘమే 1973లో ఒక పథకం మొదలుపెట్టింది. నల్లజాతి విద్యార్థులకు, ఇతర మైనారిటీ విద్యార్థులకు ఏజెన్సీల్లో జీతంతో వేసవి ఇంటర్న్‌షిప్ ఇప్పించిన ఆ పథకం దశాబ్దాల పాటు నడిచింది. తమ ఆఫీసుల్లో ఒకే రకం మనుషులు ఉన్నారని ఆ రంగం పెద్దలు గుర్తించి, తామే కదిలారు. మన దగ్గర కూడా 1945 నుంచి ఏజెన్సీలకు అఖిల భారత సంఘం ఉంది. హైదరాబాద్ ఏజెన్సీలు పదిమంది కలిసి ఒక నిధి పెట్టుకుని, జిల్లాల నుంచి వచ్చే విద్యార్థులకు ఏటా కొన్ని సీట్లు కేటాయించినా చాలు, మిగతావాళ్లు వెనక వస్తారు.

స్టైపెండ్‌తో పాటు చేరే రోజే ఒక కాగితం ఇవ్వండి. ఎన్నాళ్లు, రోజుకు ఎన్ని గంటలు, ఎంత ఇస్తారు, ఎవరి కింద పని, సర్టిఫికెట్ ఎప్పుడు ఇస్తారు అన్నవి దాని మీద ఉంటే చాలు. మా స్నేహితురాలి ఏజెన్సీలో ఇంకో నెల ఉంటేనే సర్టిఫికెట్ ఇస్తామన్నారు. కాలేజీలో మార్కులు ఆ సర్టిఫికెట్‌తో ముడిపడి ఉంటాయి కాబట్టి ఆ అమ్మాయి టెన్షన్‌తో మారు మాట్లాడకుండా ఉండిపోయింది. ఆ కాగితం మీకూ అవసరమే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగానో, అప్రెంటిస్‌షిప్ ఒప్పందం కింద చేస్తూనో రాసిన దానికి సాధారణంగా యజమానే హక్కుదారు. ఏ ఒప్పందమూ, ఏ జీతమూ లేని విద్యార్థి రాసిన లైను ఎవరిదని రేపు క్లయింటు అడిగితే మీరు ఏం చూపిస్తారు?

రాత్రి తొమ్మిది దాటితే అమ్మాయిలకు క్యాబ్ పెట్టండి. మాలో చాలామందికి ఇంట్లో ఒప్పుకోనిది డబ్బు గురించి కాదు, ఈ విషయం గురించే. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో ఉద్యోగి అన్న నిర్వచనం కిందికి జీతం లేకుండా పనిచేసేవాళ్లు, ట్రైనీలు కూడా వస్తారు. ఇంటర్న్‌లలో దాదాపు ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారో, వాళ్ల నంబర్లేమిటో మొదటి రోజే చెప్పండి.

ఇంకొక చిన్న కోరిక. మేం రాసిన లైను వాడుకుంటే, అది మా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చని ఒక మెయిల్ పంపండి. తర్వాత ఉద్యోగానికి వెళ్లినప్పుడు మా దగ్గర చూపించడానికి ఉండేది అదొక్కటే. క్యాంపెయిన్ విడుదలయ్యే దాకా బయటపెట్టొద్దంటే తప్పకుండా ఆగుతాం.

మా కాలేజీల వాళ్లకు కూడా ఒక మాట. సంతకం పెట్టి పంపేసి, తిరిగి రిపోర్టు తీసుకోవడంతో ఆగకండి. స్టైపెండ్ ఇస్తారా అని ఏజెన్సీని అడిగే మొదటి ఫోన్ మీ నుంచి వెళ్తే బాగుంటుంది. విద్యార్థి అడిగితే సీటు పోతుందని భయం, కాలేజీ అడిగితే ఆ భయం లేదు.

వేసవి ఇంటర్న్‌షిప్‌ల కోసం మా క్లాసుల్లో వెతుకులాట ఫిబ్రవరి నుంచే మొదలవుతుంది. ఆ లోపు మీ వెబ్‌సైట్‌లో, మీ సోషల్ మీడియా పేజీల్లో ఇంటర్న్‌షిప్ నోటీసు పెట్టేటప్పుడు స్టైపెండ్ ఎంతో అంకెతో సహా రాయండి. ఆ అంకె చూసుకునే ఇంట్లో అడగాలా వద్దా అని నిర్ణయించుకునేవాళ్లు మా జిల్లాల్లో చాలామంది ఉన్నారు. నోటీసు తెలుగులో కూడా పెడితే మా జూనియర్లకు నేనే చేరవేస్తాను. పల్నాడు అబ్బాయికి చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ సెమిస్టర్ ఇంకా మిగిలే ఉంది. ఈ రంగంలోకి తిరిగి రావాలని అతనికి ఉంది. స్టైపెండ్ ఇస్తామనే ఏజెన్సీ ఏదైనా ఉంటే, అతను వెంటనే అప్లై చేస్తాడు.

ఇట్లు,
డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న ఒక విద్యార్థి